మునిగిపోతున్న దేశాలు మనల్ని అడుగుతున్నది ఏమిటి?

#1 కోరంగి రాజు (తాళ్ళరేవు)

అందరికీ నమస్కారం.

2025 జూలై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ మార్పుల మీద తన అభిప్రాయం చెప్పింది. నేను చదివే పేపర్లో అది లోపలి పేజీలో నాలుగు పేరాల వార్త. కానీ దాని వెనుక కథ తెలిసినప్పటి నుంచి దాని గురించి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తోంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వనువాటు అని పసిఫిక్ సముద్రంలో ఒక దేశం. జనాభా మూడు లక్షల పైచిలుకు, అంటే మన కాకినాడ నగరం కంటే కూడా తక్కువ. 2019లో అక్కడి పోర్ట్ విలాలో లా చదువుతున్న 27 మంది విద్యార్థులకు ఒక ఆలోచన వచ్చింది. పెద్ద దేశాలు వదిలే పొగ వల్ల మా దీవులు దెబ్బతింటున్నాయి, దీనికి చట్ట ప్రకారం బాధ్యత ఎవరిది అని ప్రపంచ న్యాయస్థానాన్నే అడిగితే ఎలా ఉంటుంది అని. పసిఫిక్ దేశాల ప్రభుత్వాలకు ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీలో ఆ తీర్మానం ఓటింగ్ అవసరం లేకుండా ఏకాభిప్రాయంతో నెగ్గింది. 2024 డిసెంబర్‌లో రెండు వారాలపాటు దాదాపు వంద దేశాలు కోర్టులో వాదించాయి. చివరికి 15 మంది జడ్జీలూ ఒకే మాట చెప్పారు.

నా ప్రశ్నలు రెండు. ఆ దేశాలు అసలు ఏం కావాలంటున్నాయి? ఈ కోర్టు మాట వల్ల వాళ్ళకి నిజంగా ఒరిగేదేమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 విజయకుమార్ మాస్టారు

రాజు గారూ, మంచి విషయం ఎత్తారు. నేను కొన్నేళ్ళు మాల్దీవుల్లో, రాజధానికి దూరంగా ఉండే ఒక చిన్న దీవి స్కూల్లో లెక్కలు చెప్పాను. మన తెలుగు టీచర్లు అక్కడ చాలామందే పనిచేశారు. టీవీలో చూపించేది రిసార్టుల మాల్దీవులు. నేను చూసింది నీళ్ళ కోసం లెక్కలు వేసుకునే మాల్దీవులు.

మేమున్న ఇంటి పెరట్లో ఒక నుయ్యి ఉండేది. లోతు ఎంతో కాదు, మనిషి ఎత్తు దాటితే నీళ్ళే. పగడపు దీవుల్లో కింద ఉప్పునీరు, దాని మీద వాన వల్ల చేరిన మంచినీరు ఒక పల్చటి పొరలాగా నిలిచి ఉంటుంది. ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. కెరటాలు దీవి మీదికి ఎక్కితే పైనుంచి ఉప్పు దిగుతుంది. ఎలా చూసినా పోయేది ఆ పల్చటి పొరే. పక్కింటి ముసలావిడ తన చిన్నప్పుడు ఆ నూతి నీళ్ళే తాగేవాళ్ళమని చెప్పేది. నేను వెళ్ళేసరికి అవి బట్టలు ఉతకడానికే, సబ్బు కూడా సరిగ్గా నురగ వచ్చేది కాదు. తాగడానికి వాన నీళ్ళ ట్యాంకు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలుండవు. ట్యాంకు మీద పిడికిలితో కొట్టి, చప్పుడు బట్టి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చెప్పేసేవాళ్ళు పిల్లలు. అడుగంటితే ప్రభుత్వం ఓడలో నీళ్ళు పంపించేది.

2014 డిసెంబర్‌లో రాజధాని మాలేలో ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్‌లో మంటలు వచ్చాయి. లక్ష మందికి పైగా ఉండే ఊరిలో కుళాయిలు ఆగిపోయాయి. మర్నాడే మన దేశం విమానాల్లో నీళ్ళు పంపింది, వెనకే నేవీ ఓడలు వెళ్ళాయి. ఆ దేశం ఎంత సన్నటి దారం మీద నడుస్తోందో అప్పుడు అందరికీ అర్థమైంది.

వాళ్ళు అడగడం ఇవాళ మొదలైంది కాదు. 1987లో పెద్ద కెరటాలు మాలేని ముంచాక అప్పటి అధ్యక్షుడు గయూమ్ ఐక్యరాజ్య సమితికి వెళ్ళి, మా దేశమే లేకుండా పోవచ్చని చెప్పారు. 1989లో మాలేలోనే చిన్న దేశాల సదస్సు పెట్టారు. ఆ మరుసటి ఏడాది చిన్న ద్వీప దేశాల కూటమి ఏర్పడింది, ఇప్పుడు అందులో 39 సభ్యులున్నారు. 2009లో అధ్యక్షుడు నషీద్ మంత్రులతో కలిసి గాలి సిలిండర్లు కట్టుకుని సముద్రం అడుగున కేబినెట్ మీటింగ్ పెట్టిన ఫోటో మీరంతా చూసే ఉంటారు. దాదాపు నలభై ఏళ్ళుగా ఒకే మాట చెబుతున్నారు.

#3 నరేశ్ (హన్మకొండ)

మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట. పసిఫిక్‌లోని టువాలు దేశపు దీవుల శాటిలైట్, ఏరియల్ ఫోటోలు పోల్చి చూస్తే 1971 నుంచి 2014 మధ్య మొత్తం భూభాగం 2.9 శాతం పెరిగిందని ఆక్లండ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో తేల్చారు. సముద్రం పెరుగుతోంది, భూమి కూడా పెరుగుతోంది. మరి మునిగిపోతోంది అనడం సరైనదేనా? అతిగా చెబితే రేపు జనం అసలు విషయాన్ని కూడా నమ్మరు. అదే నా బాధ.

#4 ఉష (సముద్ర శాస్త్రం)

నరేశ్ గారు చెప్పిన పరిశోధన నిజమే. దాన్ని దాచిపెట్టకూడదు, అలాగని దాని దగ్గరే ఆగిపోనూ కూడదు.

పగడపు దీవి రాయిలా కదలకుండా ఉండదు. చుట్టూ ఉన్న పగడపు దిబ్బల నుంచి, కొన్ని సూక్ష్మజీవుల గుల్లల నుంచి ఇసుక తయారవుతుంది. తుఫాన్లు, కెరటాలు దాన్ని తెచ్చి పోస్తాయి, ఒక పక్క కోస్తాయి. కాబట్టి విస్తీర్ణం పెరిగిన దీవులూ ఉన్నాయి, తగ్గినవీ ఉన్నాయి. కానీ మనుషులు బతకాలంటే హెక్టార్లు ఉంటే సరిపోదు కదా. ఎవరూ లేని దీవి చివర కొత్తగా ఇసుక చేరితే, మధ్యలో ఇల్లున్న మనిషికి నీళ్ళు రావు.

టువాలు రాజధాని ఫునాఫుటిలో ఏడాది మొదట్లో పెద్ద పోట్లు వచ్చినప్పుడు నీళ్ళు ఒడ్డు దాటి మాత్రమే రావు. నేలంతా రంధ్రాలున్న పగడపు రాయి కాబట్టి ఊరి మధ్యలో, విమానాల రన్‌వే పక్కన, కింది నుంచి ఉబికి వస్తాయి. గోడ కట్టి ఆపే వీలు లేని నీళ్ళు అవి. అక్కడ పులకా అనే పంట ఉంది, మన చేమదుంప జాతిదే గానీ చాలా పెద్దది. నేలలో గొయ్యి తవ్వి, అడుగున ఊరే మంచినీటిలో, ఆకుల ఎరువు వేసి పెంచుతారు. తరతరాలుగా ఒక్కో కుటుంబానికి ఒక్కో గొయ్యి. ఇప్పుడు చాలా గోతుల్లోకి ఉప్పు దిగింది, దుంప కుళ్ళిపోతుంది. గొయ్యి వదిలేసి దిగుమతి బియ్యం మీద ఆధారపడుతున్నారు.

అంకెలు చెబుతాను. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. నీరు వేడెక్కి వ్యాకోచించడం, మంచు కరగడం, రెండూ కారణాలే. అన్నిచోట్లా ఒకేలా పెరగదు. టువాలు చుట్టూ 30 ఏళ్ళలోనే 15 సెంటీమీటర్ల దాకా పెరిగింది. దేశం మొత్తం 26 చదరపు కిలోమీటర్లు, సగటు ఎత్తు రెండు మీటర్లు. ఆ ఎత్తులో ప్రతి అంగుళానికీ విలువ ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది: ఆ ఇసుకను తయారుచేసేది బతికున్న పగడాలు. భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్య సమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2018 నివేదిక చెప్పింది. అంటే ఇప్పటిదాకా దీవి తనను తాను కాపాడుకున్న పద్ధతి కూడా పోతుంది. ద్వీప దేశాలు 1.5 అనే అంకెను పట్టుకుని ఎందుకు వదలడం లేదో ఇక్కడ తెలుస్తుంది.

#5 నరేశ్ (హన్మకొండ)

నీళ్ళ సంగతి, పగడాల సంగతి చెప్పినందుకు థాంక్స్ అండి. అయితే 'మునిగిపోవడం' కంటే ముందే 'ఉండలేకపోవడం' వస్తుందన్నమాట. ఆ ఫోటోలు చూపించి వాదించేవాళ్ళకి ఇకనుంచి ఈ జవాబు ఇస్తాను.

#6 ప్రసాద్ (కూకట్‌పల్లి)

టువాలు జనాభా 11 వేలు అంటున్నారు. మా కాలనీలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో అందరినీ తీసుకెళ్ళిపోతే సరిపోదా? పోలవరం కోసం మన దగ్గర అంతకన్నా చాలా ఎక్కువమందిని కదిలించారు కదా.

#7 విజయకుమార్ మాస్టారు

ప్రసాద్, పోలవరం పేరు నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ చేసిన వాళ్ళతో ఎప్పుడైనా మాట్లాడావా? కాలనీలో ఇల్లు ఇచ్చారు. ఏటి ఒడ్డు, పోడు, గుడి, సమాధులు ఎవరూ ఇవ్వలేకపోయారు. అయినా వాళ్ళు అదే దేశంలో, అదే భాష మధ్య ఉన్నారు. టువాలు వాళ్ళకి దేశమే పోతుంది.

#8 శిరీష (అడ్వకేట్)

ప్రసాద్ గారి ప్రశ్న చాలామంది మనసులో ఉండేదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఆస్ట్రేలియా, టువాలు 2023 నవంబర్‌లో ఫలెపిలి అనే ఒప్పందం చేసుకున్నాయి. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఏడాదికి 280 మందికి ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండే వీసా, లాటరీ పద్ధతిలో. 2025లో మొదటిసారి పేర్లు పిలిస్తే కుటుంబ సభ్యులతో కలిపి దేశంలో మూడొంతుల మందికి పైగా నమోదు చేసుకున్నారు. వాళ్ళంతా వెళ్ళిపోవాలనుకుంటున్నారని దీన్ని చదవకూడదు. వచ్చిపోయే హక్కు చేతిలో ఉంచుకోవాలనే ఆశ కూడా ఉంది, చదువు, ఉద్యోగం కూడా ఉన్నాయి. అదే ఒప్పందంలో ఇంకో షరతు ఉంది: టువాలు వేరే దేశంతో రక్షణ ఒప్పందం చేసుకోవాలంటే ఆస్ట్రేలియాతో ముందు అంగీకారానికి రావాలి. ఇల్లు కాలుతున్నవాడితో బేరం అంటే ఇలాగే ఉంటుంది.

పసిఫిక్‌లోని ఇంకో ద్వీప దేశం కిరిబాటి. అప్పటి అధ్యక్షుడు అనోటే టాంగ్ 2014లో ఫిజీలో సుమారు 20 చదరపు కిలోమీటర్ల భూమి కొన్నారు. అదే కిరిబాటికి చెందిన ఇయోనే టెయిటియోటా తనను వాతావరణ శరణార్థిగా గుర్తించమని న్యూజిలాండ్ కోర్టుల్లో పోరాడి ఓడిపోయాడు. ఐరాస మానవ హక్కుల కమిటీ 2020లో ఆయన కేసులో న్యూజిలాండ్‌ను తప్పుపట్టలేదు గానీ, ప్రాణానికి ముప్పు ఉండే చోటికి మనిషిని తిప్పి పంపడం హక్కుల ఉల్లంఘన కావచ్చని సూత్రం చెప్పింది.

ఇక రాజు గారి ప్రశ్న, కోర్టు ఏం చెప్పింది అని. ఇది సలహా అభిప్రాయం. తీర్పులాగా ఎవరి మీదా అమలు చేయించలేరు. కానీ ఉన్న చట్టం ఇదీ అని చెప్పిన మాటకు ప్రపంచంలో ఏ కోర్టులోనైనా బరువుంటుంది. నా దృష్టిలో ముఖ్యమైనవి చెబుతాను. వాతావరణాన్ని కాపాడడం దేశాల దయ కాదు, చట్టపరమైన బాధ్యత. ఆ బాధ్యత పారిస్ వాతావరణ ఒప్పందం నుంచే కాదు, ఒప్పందాల్లో లేని దేశాలకు కూడా వర్తించే సంప్రదాయ అంతర్జాతీయ చట్టం నుంచి కూడా వస్తుంది. అంటే ఒప్పందం నుంచి బయటికి వెళ్ళిపోయినా తప్పించుకోలేరు. శిలాజ ఇంధనాల వెలికితీతకు లైసెన్సులు, సబ్సిడీలు ఇస్తూ పోవడం తప్పుడు చర్య కిందికి రావచ్చు. నష్టం, కారణం రుజువైతే పరిహారం దాకా వెళ్ళవచ్చు.

చిన్న దీవులకు ప్రాణంలాంటి ఇంకో రెండు మాటలున్నాయి. సముద్రం ఒడ్డును మింగినా, ఒకసారి గీసుకున్న సముద్ర సరిహద్దులను మార్చుకోనక్కర్లేదు. కిరిబాటికి నేల కొంచెమే, సముద్రం మాత్రం 35 లక్షల చదరపు కిలోమీటర్లు. ట్యూనా చేపల లైసెన్సుల మీద వచ్చేదే ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా. గీత జరిగితే ఖజానా పోతుంది. రెండోది, భూభాగం పోయినంత మాత్రాన దేశం దేశం కాకుండా పోనక్కర్లేదు. టువాలు 2023లోనే తన రాజ్యాంగంలో ఈ మాట రాసుకుంది. ప్రసాద్ గారూ, అందరినీ తీసుకెళ్ళిపోతే సరిపోదా అంటే ఇదీ జవాబు. వాళ్ళు దేశంగా ఉండాలనుకుంటున్నారు.

#9 లక్ష్మి (రోజ్ హిల్, మారిషస్)

మాది విశాఖ, ఉద్యోగరీత్యా మారిషస్‌లో ఉంటున్నాం. మనవాళ్ళ ముందు తరాలు కోరంగి రేవు నుంచి ఇక్కడికి వచ్చారు కాబట్టి రాజు గారి పేరు చూడగానే రాయాలనిపించింది. ఉగాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు, రామమందిరాల్లో తెలుగు బడులు నడుస్తాయి.

మారిషస్ అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి, కొండలున్నాయి కాబట్టి టువాలులా మొత్తం పోదు. అలాగని భయం లేకుండా పోలేదు. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోయాయి. నీళ్ళు ఎంత త్వరగా వచ్చాయంటే ఆఫీసుల నుంచి జనాన్ని ఇళ్ళకి పంపేలోపే రోడ్లు వాగులయ్యాయి. 2013 మార్చిలో ఇదే ఊళ్ళో కుండపోత వానకి 11 మంది చనిపోయారు. అందుకే ఇక్కడ మబ్బు పట్టిందంటే స్కూలు పిల్లల తల్లులకు టెన్షన్. బీచ్‌లలో కోత వల్ల సరుగుడు చెట్ల వేళ్ళు బయటపడి వేలాడుతుంటాయి. హోటళ్ళ మీదే బతికే దేశానికి బీచ్ పోతే ఏం మిగులుతుంది?

ఫిజీలో కూడా మనవాళ్ళున్నారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటలకి తీసుకెళ్ళారు, 1926లో పెట్టుకున్న దక్షిణాది సంగం బడులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ వునిదొగొలోవా అనే ఊరిని 2014లో లోపలికి జరిపారు. అది ఆ ఊరివాళ్ళ సొంత ఉమ్మడి భూమి కాబట్టి కుదిరింది. కౌలు భూమి మీద బతికే చెరకు రైతు ఎక్కడికి జరుగుతాడు? దీని గురించి ఎవరూ మాట్లాడరు.

#10 భాస్కర్ (రిటైర్డ్ బ్యాంకు)

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2017లో మారియా తుఫాను కరీబియన్ సముద్రంలోని డొమినికా అనే చిన్న ద్వీప దేశాన్ని కొట్టినప్పుడు నష్టం ఆ దేశ జీడీపీలో 226 శాతం. ఒక్క రాత్రిలో రెండేళ్ళ సంపాదన పైన పోయింది. మళ్ళీ కట్టుకోవాలంటే అప్పు. ఆ అప్పు తీరకముందే ఇంకో తుఫాను. నా సర్వీసంతా రైతు అప్పులు చూశాను, పంట పోయిన ఏడాది వాయిదా వసూలుకి వెళ్ళడం ఎంత అన్యాయమో నాకు తెలుసు. ఈ దేశాల పరిస్థితి అదే. బార్బడోస్ ప్రధాని మియా మోట్లీ అడుగుతున్నది కూడా ఇదే: విపత్తు వస్తే వాయిదాలు ఆపే షరతు అప్పు పత్రంలోనే రాయండి అని. 2024 జూలైలో బెరిల్ తుఫాను గ్రెనడాలోని కారియాకు దీవిని దాదాపు మొత్తం నేలమట్టం చేసినప్పుడు గ్రెనడాకి అలాంటి షరతు పనికొచ్చింది.

నష్టపరిహార నిధి కావాలని వనువాటు మొదట అడిగింది 1991లో. ఒప్పుకున్నది 2022లో, ఈజిప్టులో జరిగిన ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సు (కాప్)లో. మరుసటి ఏడాది దుబాయ్‌లో నిధి మొదలైతే దేశాలన్నీ కలిసి ఇస్తామన్నది 70 కోట్ల డాలర్ల చిల్లర. ఒక్క మారియా డొమినికాకి చేసిన నష్టమే 130 కోట్ల డాలర్లు.

#11 సింగరేణి రవి (గోదావరిఖని)

అందరి పోస్టులూ చదివిన. బాధగానే ఉంది. కానీ నా మాట కూడా వినండి. మా నాన్న బొగ్గుబాయిల పనిచేసిండు, నేనూ అదే పని చేస్తున్న. బొగ్గు ఆపాలని ఎక్కడో సదస్సుల తీర్మానం చేస్తే మా ఊరు మొత్తం ఆగిపోతది. అమెరికాల ఒక్కో మనిషి వదిలే కార్బన్ మన మనిషి కంటే ఆరేడు రెట్లు ఎక్కువ. రెండు వందల ఏండ్ల నుంచి కాల్చి బాగుపడ్డోళ్ళు ముందు ఆపాలె. ద్వీప దేశాల వాళ్ళు అడగాల్సింది వాళ్ళను. మనల్నెందుకు?

#12 శిరీష (అడ్వకేట్)

రవి గారూ, మీ మాటలో న్యాయం ఉంది. కోర్టు కూడా అందరి బాధ్యతా ఒకటి కాదనే చెప్పింది, చరిత్రలో ఎవరు ఎంత వదిలారో, ఎవరికెంత స్తోమత ఉందో చూడాలంది. ద్వీప దేశాలు దాన్ని కాదనడం లేదు.

కానీ మొత్తంగా చూస్తే ఈరోజు ఏటా ఎక్కువ వదిలే దేశాల్లో మనది మూడో స్థానం. 2021లో గ్లాస్గో కాప్ సదస్సులో బొగ్గును 'పూర్తిగా మానేయడం' అన్న మాటను చివరి గంటల్లో 'క్రమంగా తగ్గించడం'గా మార్చమన్నది మనమే, చైనా మద్దతుతో. మార్షల్ దీవులు, ఫిజీ ప్రతినిధులు ఆ హాల్లోనే ఆవేదన చెప్పి, ఒప్పందం పోకూడదని ఒప్పుకున్నారు. హేగ్‌లో కూడా మన ప్రభుత్వం ఉన్న ఒప్పందాలకు మించి కొత్త బాధ్యతలు పెట్టవద్దని వాదించింది. మరోవైపు అదే గ్లాస్గోలో చిన్న దీవుల్లో తుఫాన్లకు తట్టుకునే కట్టడాల కోసం ఒక పథకం మొదలుపెట్టడంలో ముందున్నదీ మన దేశమే. రెండూ నిజాలే. నన్నడిగితే రెండోది చేశాం కదా అని మొదటిదాన్ని మరిచిపోకూడదు.

#13 ఉష (సముద్ర శాస్త్రం)

రవి గారికి ఇంకో మాట. ఈ ముప్పు దీవులతో ఆగేది కాదు. ఉప్పాడలో ఇళ్ళు సముద్రంలో కలుస్తున్నాయి. అక్కడ నదుల నుంచి ఇసుక తగ్గడం, తీరం మలుపులో కెరటాల దిశ, ఇలా స్థానిక కారణాలు చాలా ఉన్నాయి, కాబట్టి అంతా భూతాపమే అనను. కానీ సముద్ర మట్టం పెరిగేకొద్దీ ఆ కోత ఇంకా లోపలికి వస్తుంది.

#14 కోరంగి రాజు (తాళ్ళరేవు)

ఉష గారు చెప్పింది మా కళ్ళముందు జరుగుతున్నదే. రవి అన్నా, మీరు వేసిన ప్రశ్న అవసరం. బొగ్గు తగ్గించే రోజు వచ్చినప్పుడు ముందుగా కూర్చోబెట్టి మాట్లాడాల్సింది మీలాంటి వాళ్ళతోనే అని నా అభిప్రాయం. అయితే ఒకటి అడుగుతాను. భాస్కర్ గారు చెప్పిన ఆ నష్టపరిహార నిధికి మన దేశం కూడా ఎంతో కొంత ఇవ్వాలంటే మీరేమంటారు?

#15 శిరీష (అడ్వకేట్)

ఒక వివరం చేరుస్తాను. ఆ నిధికి ఇవ్వమని 'అభివృద్ధి చెందిన దేశాల' జాబితాలో ఉన్నవాళ్ళను గట్టిగా కోరారు, మిగతావాళ్ళు స్వచ్ఛందంగా ఇవ్వొచ్చు. యూఏఈ ఆ జాబితాలో లేకపోయినా 10 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఇచ్చినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

#16 సింగరేణి రవి (గోదావరిఖని)

రాజు తమ్మీ, ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. మాలేకి నీళ్ళు పంపినోళ్ళం, ఇదీ ఇస్తం. కానీ అమెరికా, యూరప్ వాటా ఎంతో ముందు లెక్క తేలాలె. అది తేలకుండా మనం ముందుకొస్తే వాళ్ళు వెనక్కి జరుగుతరు. ఇక బొగ్గు మాటకొస్తే, బాయి మూసే తారీఖు చెప్పేటోళ్ళు మా పిల్లలకు ఏం పని చూపిస్తరో కూడా అదే కాగితం మీద రాయాలె. ఆ దీవుల వాళ్ళు మా ఊరిని ముంచమని అడగట్లేదని ఈ పోస్టులు చదివినంక నాకు అర్థమైంది. వాళ్ళ ఊరు వాళ్ళకుండాలంటున్నరు, మా ఊరు మాకుండాలంటున్న. ఈ రెండూ కుదిరే దారి ఏదైనా దేశం ఇప్పటికే చేసి చూపిస్తే, శిరీష మేడం, ఉష మేడం, దాని గురించి ఇక్కడ రాయండి. మా యూనియన్ మీటింగుల చదివి వినిపిస్త.

#17 ఉష (సముద్ర శాస్త్రం)

జర్మనీ రూర్ ప్రాంతంలో రాతిబొగ్గు గనులన్నీ 2018 చివరికి మూసేశారు. దశాబ్దాలు పట్టింది, కార్మికులకు ముందస్తు పింఛన్లు, వేరే పనుల్లో శిక్షణ ఇచ్చారు. అక్కడ కూడా అన్నీ సజావుగా జరగలేదు, కొన్ని ఊళ్ళలో నిరుద్యోగం ఇప్పటికీ ఎక్కువే. మంచీ చెడూ రెండూ కలిపి వివరంగా ఒక పోస్టు ఈ ఆదివారం లోపు పెడతాను రవి గారూ.